ఆత్రేయపురము: రేకు తీయువారి ఊరు

ధవళేశ్వరమునకు దిగువ గోదావరి చీలి, తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ అను పేర్లు వహించి సముద్రాభిముఖముగా సాగిపోవుచుండగా, ఆ రెండు పాయల నడుమ త్రికోణాకారమున నిలిచిన సస్యశ్యామల భూమియే కోనసీమ. ఆ త్రికోణమునకు శిరోభాగమున, మధ్యడెల్టా కాలువలకు మొదలైన బొబ్బర్లంకకు అనతిదూరమున ఉన్నది మా ఆత్రేయపురము. చుట్టుప్రక్కల చూడదగిన స్థలములకు లోటు లేదు. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గలడు, వాడపల్లిలో వేంకటేశ్వరుడు గలడు, లొల్లలో సినిమావారు మాటిమాటికిని వచ్చి చిత్రములు తీసికొనిపోవు లాకులు గలవు. అయినను మా ఊరి పేరు చెప్పగానే దేశాంతరమందున్న తెలుగువాడు సైతము అడుగునది దేవుని గూర్చి గాదు, లాకులను గూర్చియు గాదు, పూతరేకులను గూర్చి. ఇందులకు మాకు గర్వమే గాని కినుక లేదు. అయితే ఆ పేరు ఎవరి చేతిచలువ వలన వచ్చినదో, ఆ పేరు తెచ్చిన ధనము ఎవరి చేతికి చేరుచున్నదో విచారింపక ఊరి చరిత్ర వ్రాయబూనినచో, అది సగము చరిత్రయే యగును.

1847 లో ఆరంభమై 1852 లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టకు పూర్వము ఈ సీమ వానకారున మునిగి, వేసవిని ఎండి, ముంపులకును కరవులకును నడుమ నలిగినది. కాటన్ దొర కట్టించిన కట్ట వలన కాలువలు పారి, వరి నిలకడగా పండి, గట్ల వెంబడి కొబ్బరితోటలు లేచి, పాడి వృద్ధిపొందినది. పూతరేకునకు కావలసినవేమి? బియ్యము, నేయి, బెల్లము లేక పంచదార. చేయుటకు ఒక మట్టికుండ, ఒక గుడ్డముక్క, పొయ్యిలోనికి ఎండు కొబ్బరాకు. వీనిలో గోదావరి సీమ ఈయలేని వస్తువు ఒక్కటియు లేదు. స్థానికాహారోద్యమమని నేడు నగరములలో సభలు చేసి బోధించుచున్నదానిని మా ఊరి ఆడువారు ఆ మాట చెవిని బడకయే తరతరములుగా నడుపుచు వచ్చినారు.

ఈ భక్ష్యముయొక్క పుట్టుకను గూర్చి ఊరిలో కథలకు కొదవలేదు. వానిలో రాజులు లేరు, పండితులు లేరు; ఉన్నది ఒక ముసలవ్వయు, కాసిన్ని గంజినీళ్లును, ఒక వేడికుండయు మాత్రమే. తక్కిన స్థలపురాణములకన్న నాకు ఇదియే నమ్మదగినదిగా తోచుచున్నది.

రేకు తీయుట చూడనివారికి దానిని మాటలలో చెప్పుట కష్టము, అయినను ప్రయత్నింతును. బియ్యములలో జయ రకమునే మావారు కోరుదురు. తక్కినవానితో రేకు అంత సాఫుగా రాదని వారి అనుభవము. ఆ బియ్యమును నానవేసి, వెన్నవలె మెత్తగా రుబ్బి, నీరు చేర్చి పలుచని పిండిపాలుగా చేయుదురు. అడుగు గుండ్రముగను నున్నగను ఉన్న పెద్దకుండను బోర్లించి, దాని క్రింద కొబ్బరాకుల మంట పెట్టుదురు. ఆ మంట ఎగయరాదు, ఆరరాదు. ఒక చేత ఆకు ఎగదోయుచు, మరల రెండు చేతులతో పని చేయుచు, ఒక్క మనిషియే రెండు పనులును నెరవేర్చుకొనవలెను. పలుచని నూలుగుడ్డను పిండిపాలలో ముంచి, రెండు కొసలును పట్టి, కుండ వీపుమీద ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు లాగిన తోడనే, కన్ను మూసి తెరచులోపల, వెనుకనున్న వ్రేలు కనబడునంతటి తెల్లని పొర కుండకు అంటి, ఎండి, అంచు లేచును. దానిని కొనవ్రేళ్లతో ఎత్తి ప్రక్కన దొంతిగా పేర్చుదురు. క్షణము ఆలస్యమైన మాడును, తొందరపడిన చిరుగును, గాలి వీచిన ముక్కలగును, ముసురు పట్టిన దినమున మెత్తబడి పనికిరాకుండ పోవును. మా వీధిలో తెల్లవారుజామున పొయ్యి ముట్టించు ఒక పెద్దామెను, కుండ తగినంత కాలినదని ఎట్లు తెలియునమ్మా యని అడిగితిని. "ఆయ్, మంట చూత్తే తెలీదండి, గుడ్డ లాగేటప్పుడు సేతికే తెలిసిపోద్ది," అని చెప్పుచు, నాతో మాటలాడు వ్యవధిలోనే నాలుగు రేకులు దొంతిమీదికి చేర్చినది. ఆమె వ్రేళ్ల కొనలు కాయలు కాచి, వేడిని గుర్తింపక యున్నవి. కన్నులు మాత్రము పొగకు నిత్యము ఎఱ్ఱబారియే యుండును.

ఇది యంతయు రేకు కథ. చుట్టుట వేరొక విద్య. రేకులు ఒకదానిమీద నొకటి పరచి, తడిగుడ్డతో అద్ది మెత్తపరచి, కాచిన నేయి చిలుకరించి, పంచదారపొడి గాని బెల్లపు తురుము గాని చల్లి మడచిన పిదప అది పూతరేకు అనిపించుకొనును. అందును నేర్పు గలదు, కాదనను. అయితే చుట్టుట శ్రద్ధ గలవారికి కొలది దినములలో పట్టుబడును, రేకు తీయుటకు సంవత్సరములు పట్టును. మా రేకులను కొనిపోయి హైదరాబాదులో చుట్టి అమ్మువారు గలరు. హైదరాబాదు రేకు తెచ్చి ఆత్రేయపురములో చుట్టినవారు లేరు. ఊరి సొత్తు ఏదియో దీనివలననే తేటపడుచున్నది.

పూర్వము ఇది అమ్ముడు వస్తువు గాదు. పెండ్లిసారెలోను, సంక్రాంతికి వచ్చిన క్రొత్త అల్లుని పళ్లెములోను కనబడెడిది. ఇంటివారే తీసి ఇంటివారే చుట్టెడివారు. ఇది సరకుగా మారుటకు మా ప్రతిభ ఎంత కారణమో, రావులపాలెము మీదుగా పోవు జాతీయరహదారియు అంత కారణము. ఇటీవల వాడపల్లి స్వామికి ఏడు శనివారముల మ్రొక్కు ప్రబలి, శనివారము నాడు కార్లును ఆటోలును తిరునాళ్లవలె వచ్చుచుండుటచే, దర్శనమైన వెనుక పూతరేకుల పెట్టె కొనకుండ ఊరు దాటు యాత్రికుడు అరుదైనాడు. అంగళ్లు బారులు తీరినవి. బెల్లము, పంచదారల సరసన జీడిపప్పు, బాదము, పిస్తా చేరినవి. తరువాత చాక్లెట్టును వచ్చినది. మధుమేహరోగులకు చక్కెరలేని పూతరేకు కూడ చేయుచున్నారని వినినపుడు, పెద్దలు నవ్వుకొనిరి. నేనును నవ్వితిని, కాని కొని తినితిని. పెట్టెలు కొరియరులో అమెరికా పెండ్లిపందిళ్లకు ప్రయాణమగుచున్నవి.

ఈ వృద్ధిలో పని రెండుగా చీలినది. అంగడివారు చుట్టించి అమ్ముదురు. ఇరుగుపొరుగు పల్లెల స్త్రీలు ఇండ్లలోనే రేకులు తీసి, వందల లెక్కన వారికి ఇత్తురు. అంగడివారిని నిందించుట నా ఉద్దేశము గాదు. వారును చిన్న వర్తకులే. నేతి ధర పెరిగిన బరువును, విరిగిన రేకుల నష్టమును, అమ్ముడుపోని సరకును భరించునది వారే, వారిలో డ్వాక్రా అప్పుతో ఒక బల్ల వేసికొని పైకివచ్చిన ఆడువారును గలరు. కాని బేరము జరుగునపుడు జీడిపప్పు ధరను తగ్గింపుమని అడుగుటకు ఎవరికిని సాధ్యము గాదు, రేకు ధరను తగ్గింపుమనుట మాత్రము అందరికిని సులభము. ర్యాలిలో ఒకే శిలయందు ముందు విష్ణువై వెనుక మోహినియై నిలిచిన స్వామి, అమృతము పంచిన నాడు ఒక పంక్తికి వడ్డించి రెండవ పంక్తికి చూపు మాత్రమే దక్కించెనని పురాణము. లాభము ఒక పంక్తికిని పొగ రెండవ పంక్తికిని పోవుట చూచునపుడెల్ల నాకు ఆ కథ జ్ఞప్తికి వచ్చుచుండును. ఆనాటి రెండవ పంక్తివారు రాక్షసులు. వీరు మన అక్కచెల్లెండ్రు. తల్లి కన్నుల ఎఱ్ఱదనము చూచిన కూతురు పొయ్యి ముందు కూర్చుండుటకు ఇష్టపడకున్నదనిన ఆశ్చర్యమేమి?

2023 లో మా పూతరేకునకు భౌగోళిక గుర్తింపు లభించినది. తిరుపతి లడ్డునకు 2009 లోను, బందరు లడ్డునకు 2017 లోను దక్కిన గౌరవమే ఇది. సర్ ఆర్థర్ కాటన్ పేరు పెట్టుకొనిన ఇచ్చటి తయారీదారుల సంక్షేమ సంఘము దీనికై పూనుకొనినది. కాలువ లేనిదే బియ్యము లేదు గనుక ఆ పేరు ఉచితమే. బాణసంచా కాల్చితిమి, మిఠాయి పంచితిమి, అదియు పూతరేకే. అయితే 1999 లో చేయబడి 2003 నుండి అమలైన భౌగోళిక గుర్తింపు చట్టమున రెండు మెట్లు గలవని తెలిసినవారు తక్కువ. సంఘము హక్కుదారుగా నమోదగుట మొదటి మెట్టు. ఆ వస్తువును తయారుచేయు ఒక్కొక్కరును అధీకృత వినియోగదారుగా తమ తమ పేర నమోదు చేసికొనుట రెండవ మెట్టు. తయారుచేయువారనగా అంగడి బోర్డు గలవారే యని చట్టము చెప్పలేదు. పొయ్యి ముందున్న స్త్రీ పేరు ఆ నమోదు పుస్తకమున ఎక్కనంతవరకు, గుర్తింపు ఊరికి వచ్చినదే గాని, ఊరిని గుర్తింపునకు తెచ్చినవారికి రాలేదు.

ప్రభుత్వ సహాయమును అట్లే. 2020 లో ప్రారంభమైన సూక్ష్మ ఆహారశుద్ధి సంస్థల పథకమున, సంస్థకు అగు వ్యయములో 35 శాతము, 10 లక్షల రూపాయలకు మించకుండ, సబ్సిడీగా ఇచ్చు ఏర్పాటు చేయబడినది. స్వయంసహాయక సంఘములలో ఆహారపు పని చేయు సభ్యురాలికి 40,000 రూపాయల వరకు తొలి పెట్టుబడియు విధింపబడినది. మంచి ఏర్పాటే. కాని బ్యాంకు అడుగు కాగితములు అంగడివారివద్ద ఉండును. పెరటి పాకలో రేకు తీయునామెకు కుండయు గుడ్డయు తప్ప చూపుటకు మరేమి గలదు? ఆమెకు కావలసినది యంత్రము గాదు. పొగ పైకి పోవు గొట్టము గల ఒక వంటపాక, ముసురు దినములలో రేకులు మెత్తబడకుండ దాచుకొను ఒక గది, నలుగురు కలిసి ధర చెప్పగల ఒక సంఘము, ఇంతే. విడివిడిగా అడిగిన ధరను కలిసి అడిగినచో ఈయక తప్పదు, ఏలయన రేకు లేక అంగడి తెరచుకొనదు.

ఇంకొకటి, బియ్యము. జయ 1968 నాటి రకము. 1982 లో మార్టేరు పరిశోధనాస్థానమున వెలువడిన స్వర్ణ డెల్టా పొలములను ఆక్రమించుకొనిన పిదప, రైతు తనకు లాభమైనదానినే వేయునుగాని పూతరేకునకై జయ వేయడు గదా. అంగడివారును రేకు తీయువారును కలిసి, నాట్లకు ముందే ఇన్ని బస్తాలు ఈ ధరకు కొందుమని కొందరు రైతులతో మాట అనుకొనినచో, ఆ రైతును ఈ వ్యాపారమున పాలివాడగును.

మా ఒక్క ఊరితో ఈ పని తీరునది గాదు. తాపేశ్వరపు మడతకాజా, అంబాజీపేట పొట్టిక్కలు, పాలకొల్లు దిబ్బరొట్టె, పెరుమాళ్లపురపు పాకంగారెలు, ఇవన్నియు గోదావరి మండలమున ఒక్కొక్క ఊరి చేతివాటము. ఒక్కొక్కటియు ఒంటరిగా రోడ్డు ప్రక్కన అరచుటకన్న, ఈ ఊళ్ల తయారీదారులు ఏడాదికొకసారి ఒకచోట కూడి, ధరలు, కల్తీ, నకిలీ పేర్లు, పిల్లలకు పని నేర్పుట వంటివి చర్చించుకొనినచో, పెద్ద కంపెనీ ఒకటి వచ్చి యంత్రపు రేకును ఆత్రేయపురము పేర అమ్మజూచిన నాడు ఎదురు నిలుచు బలము కలుగును.

సంఘపు పెద్దలకు నా మనవి ఒక్కటే: నమోదు గడువు పదేండ్లకొకమారు పునరుద్ధరింపవలసినది గనుక, ఆ పదేండ్లు నిండకముందే రేకు తీయు ప్రతి స్త్రీ పేరును ఆ పుస్తకమునకు ఎక్కింపుడు. కొనవచ్చు పాఠకులకును ఒక మాట: ఈసారి మా ఊరు వచ్చినపుడు పెట్టె కట్టించుకొనుటకు ముందు, ఈ రేకు ఎవరు తీసినారని అడుగుడు, అంగడివాడు పేరు చెప్పగలిగినచోటనే కొనుడు.