చేపల తొట్టి అడుగు కథ

చేపల తొట్టి దగ్గరకి వచ్చినవాళ్ళు ముందు చేపల్ని చూస్తారు, తర్వాత మొక్కల్ని చూస్తారు. అడుగున పరిచిన గులకరాళ్ళ వంక ఎవరూ చూడరు. కానీ మొక్కలున్న తొట్టి పెట్టుకుందామని బయల్దేరిన ఇల్లాలి పర్సుకి మొదటి చిల్లు పడేది అక్కడే. కొట్లో విదేశీ మట్టి సంచీలు చూపించి, ఇది వెయ్యకపోతే మొక్క బతకదంటారు. మా అమ్మాయి కోసం రెండడుగుల తొట్టి కొనడానికి వెళ్ళినప్పుడు ఆ సంచీల ధర గాజుతొట్టి ధరని మించిపోయింది. "ఈ సంచీలు రాకముందు తొట్లలో ఏం వేసేవాళ్ళమ్మా?" అని అడిగింది మా అమ్మాయి. నేను చదివింది తెలుగు బీఏ. రసాయనశాస్త్రం రాదు గానీ పాత సంగతులు వెతుక్కుని చదవడం అలవాటు. చదివితే తెలిసింది, ఈ కథలో సగం ఆడవాళ్ళదేనని.

చేపల్ని ఇంట్లో పెంచుకోవడం చాలా పాత ముచ్చట. చైనావాళ్ళు సుమారు వెయ్యేళ్ళ కిందటే బంగారు చేపల్ని కొలనుల్లో పెంచారు, తర్వాత పింగాణీ తొట్లలోకి తెచ్చారు. అవి యూరప్ కూడా చేరాయి. అయితే ఎక్కడైనా ఒకటే చాకిరీ, నీళ్ళు మార్చడం. మార్చకపోతే నీళ్ళు చెడిపోయి చేప తేలిపోయేది. తన నీటిని తానే బాగుచేసుకునే తొట్టి కోసం 19వ శతాబ్దం దాకా ఆగాల్సి వచ్చింది.

ఆ శతాబ్దంలో ముందుగా చెప్పుకోవాల్సిన మనిషి జాన్ విల్‌ప్రూ పవర్. పేరు చూసి మగవాడనుకోకండి, ఫ్రాన్సులో ఒక పల్లెటూళ్ళో 1794లో పుట్టిన ఆడపిల్ల. పారిస్ వెళ్ళి బట్టలు కుట్టే పనిలో చేరింది. 1816లో ఒక రాజకుమారికి పెళ్ళి గౌను కుట్టి పేరు తెచ్చుకుంది. ఒక వ్యాపారిని పెళ్ళాడి సిసిలీ దీవిలోని మెస్సీనాకి కాపురానికి వెళ్ళింది. ఆ సముద్రంలో ఆర్గోనాట్ అని ఆక్టోపస్ జాతి జీవి ఒకటుంది. దాని ఒంటిమీద కాగితమంత పల్చటి గుల్ల ఉంటుంది. ఆ గుల్ల దాని సొంతమా, ఇంకో జీవి దగ్గర కాజేసిందా అని పెద్దపెద్ద పండితులు వాదించుకుంటున్నారు. వాదనతో ఏం తేలుతుంది, పెంచి చూద్దామనుకుంది ఈవిడ. 1832లో గాజుతొట్లు తయారు చేయించి, ఆ జీవుల్ని కళ్ళముందే పెట్టుకుని, గుల్లలో ముక్క విరిచి చూసింది. అవి తమ గుల్లని తామే అతుక్కున్నాయి. వాదం తీరిపోయింది. పరిశోధన కోసం గాజుతొట్టి వాడిన తొలివాళ్ళలో ఈవిడ పేరే ముందు చెబుతారు.

తర్వాత కథ లండన్‌లో. 1846లో అన్నా థిన్ అనే ఆవిడ టోర్కీ అనే సముద్రపు ఊరు వెళ్ళి, అక్కడి రాళ్ళమీద పగడపు జాతి జీవుల్ని చూసి ముచ్చటపడి, కూజాలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది. అవి నీళ్ళలో నిలకడగా ఉండేలా సూదీ దారం తీసుకుని ఒక స్పాంజికి కుట్టింది. భర్త వెస్ట్‌మినిస్టర్ ఆబీలో పెద్ద హోదాలో ఉన్న మతాధికారి. రోజూ సముద్రపు నీళ్ళు తెప్పించడం అలాంటి ఇంట్లో కూడా కుదిరే పని కాదు. అందుకని ఉన్న నీళ్ళకే గాలి తగిలేలా తెరిచిన కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోయించేది. మనం వేడి కాఫీ తిరగబోస్తాం చూడండి, అలాగ. రోజూ అలా పోసింది ఆ ఇంటి పనిమనిషి. 1847లో సముద్రపు నాచు కూడా తెచ్చి వేశారు. ఆ జీవులు సుమారు మూడేళ్ళు బతికాయి. చరిత్రలోకి అన్నా థిన్ పేరు ఎక్కింది, చెయ్యి నొప్పెట్టేలా నీళ్ళు పోసిన మనిషి పేరు ఎక్కలేదు. చదువుతూ నేను ఎక్కువసేపు ఆగింది ఇక్కడే.

ఎందుకంటే ఆ చెయ్యి చేసిన పనిని ఒక మొక్కకి అప్పగించిన ప్రయోగం అదే ఊళ్ళో జరిగింది. రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1849లో మొదలుపెట్టాడు. 12 గ్యాలన్ల గాజుపాత్ర, అంటే సుమారు 54 లీటర్లు. మనం కొనే రెండడుగుల తొట్టి కూడా దాదాపు అంతే పడుతుంది! దాంట్లో సగానికి ఊటనీళ్ళు పోశాడు. అడుగున వేసింది మామూలు ఇసుక, బురద, కొన్ని రాళ్ళు. అందులో వల్లిస్నేరియా అనే మొక్క నాటాడు. రిబ్బన్లలా పొడవాటి ఆకులుండే ఈ మొక్క మన చెరువుల్లో, కాలువల్లో కూడా పెరుగుతుంది. వేళ్ళు ఇసుకలో గుచ్చి, మొక్క పైకి తేలకుండా ఒక రాయి బరువు పెట్టాడు. రెండు చిన్న బంగారు చేపల్ని వదిలాడు.

కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత కుళ్ళిన ఆకులు చేరి నీళ్ళు మడ్డిగా అయ్యాయి. అప్పుడు చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. నత్తలు కుళ్ళుని తిన్నాయి, నత్తల గుడ్లని చేపలు తిన్నాయి, చేపల మలినం మొక్కకి ఎరువైంది, మొక్క నీటిలోకి ప్రాణవాయువు వదిలింది. నీళ్ళు మార్చక్కర్లేదు, తిరగబోయక్కర్లేదు. ఈ సంగతిని 1850లో కెమికల్ సొసైటీకి విన్నవించాడు. అంతకుముందే 1845లో ఇంగ్లండులో గాజుమీద పన్ను ఎత్తేశారు కాబట్టి తొట్లు చవకయ్యాయి. 1853లో లండన్ జూలో చేపలశాల తెరిచారు. 1854లో ఫిలిప్ గాస్ 'ది అక్వేరియం' పుస్తకం వేశాడు. దాంతో ఇంటింటా అదే పిచ్చి పట్టుకుంది.

అడుగున ఉన్న ఇసుక, రాళ్ళు మొక్కని నిలబెట్టడమే కాదు, ఇంకో పని కూడా చేస్తాయి. ఎండాకాలం ఏటి ఇసుకలో చెలమ తవ్వితే తేటనీళ్ళు ఊరడం మనకి తెలిసిందే. తొట్టిలో జరిగేది వడపోత ఒక్కటే కాదు. చేపల మలినంలోంచి వచ్చే అమ్మోనియా చేపకి విషం. రాళ్ళమీద కాపురముండే సూక్ష్మజీవులు దాన్ని మొక్కకి పనికొచ్చే నైట్రేటుగా మారుస్తాయి. ఆ సూక్ష్మజీవుల్ని సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యా శాస్త్రజ్ఞుడు 1890లో విడదీసి చూపించాడు. వాటికి కావాల్సింది కూర్చోవడానికి చోటు. అది ఖరీదైన రాయా, చవక రాయా అని అవి అడగవు.

మరి సంచీ మట్టి ఎక్కణ్ణుంచి వచ్చింది? జపానుకి చెందిన తకాషి అమానో అనే ఫొటోగ్రాఫర్ తొట్టిలో అడవులూ కొండలూ అమర్చి తీసిన ఫొటోలు 1990ల్లో లోకమంతా తిరిగాయి. ఆ అందం వెంట ప్రత్యేకమైన మట్టి గుళికలూ వచ్చాయి. వాటిలో మొక్కకి ఎరువు ఉంటుంది, మంచివే. కాకపోతే కొన్నేళ్ళకి మెత్తబడి పొడవుతాయి, మళ్ళీ కొనాలి. ఇంతలో అమెరికాలో డయానా వాల్‌స్టాడ్ అనే ఆవిడ 1999లో ఒక పుస్తకం రాసింది. అడుగున ఒక అంగుళం మామూలు కుండీమట్టి, పైన ఒక అంగుళం సన్న గులకరాళ్ళు చాలునని చెప్పి, ఎందుకు చాలునో శాస్త్రప్రకారం వివరించింది. వారింగ్టన్ బురదే నూటయాభై ఏళ్ళ తర్వాత ఇంకో ఆడమనిషి చేతిమీదుగా తిరిగొచ్చిందన్నమాట.

ఇదంతా చదివాక మేము సంచీ కొనలేదు. మీరూ పెట్టాలనుకుంటే చూసుకోవాల్సినవి నాలుగే. గింజ రెండు మూడు మిల్లీమీటర్లు ఉండాలి, అంటే కందిపప్పు బద్ద కన్నా చిన్నది. మరీ మెత్తటి ఇసుకయితే గట్టిపడి, కింద గాలాడక కుళ్ళు వాసన వస్తుంది. పెద్ద రాళ్ళయితే సందుల్లో మేత పడి కుళ్ళుతుంది, వేళ్ళకి పట్టు దొరకదు. రెండోది, అంచులు నున్నగా ఉండాలి. స్లాబుకి వాడే కంకర చిప్స్ కోసుకుపోతాయి, అడుగున తిరిగే చేపల మీసాలు దెబ్బతింటాయి. మూడోది, నాలుగు గింజల మీద వెనిగర్ చుక్క వేసి చూడండి. బుసబుస పొంగితే అందులో సున్నం ఉన్నట్టు. వారింగ్టన్ తన తొట్టిలో సున్నపురాయే వేశాడు, బంగారు చేపలు కాస్త కఠినత్వం ఉన్న నీటిని ఓర్చుకుంటాయి కాబట్టి సరిపోయింది. మన ఊళ్ళలో చాలాచోట్ల బోరునీళ్ళలోనే కావలసినంత సున్నం ఉంటుంది, రాళ్ళు కూడా కలిస్తే నియాన్ టెట్రాలాంటి సున్నితమైన చేపలు తట్టుకోలేవు. సముద్రపు ఇసుక కూడా వద్దు, ఉప్పూ గవ్వముక్కలూ ఉంటాయి. నాలుగోది, గులకరాళ్ళలో ఎరువు ఉండదు. కింద మట్టి వెయ్యకపోతే మొక్క మొదట్లో ఎరువు బిళ్ళ గుచ్చాలి.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు తొట్టికి రెండంగుళాల మందాన పరచాలంటే సుమారు 13, 14 కిలోల గులకరాళ్ళు కావాలి. మట్టి వేస్తే అందులో సగం చాలు. ముందు జల్లెడ పట్టండి. తర్వాత బకెట్లో వేసి బియ్యం కడిగినట్టు కడగండి, సబ్బు మాత్రం తగలనివ్వకండి. కుడితిలాంటి నీళ్ళు పోయి తేటనీళ్ళు వచ్చేదాకా పదిసార్లయినా పడుతుంది. ఇంట్లో వాళ్ళందరి చేతా తలా రెండు బకెట్లు కడిగించండి. ఒక్కరే కడిగితే నడుం పడిపోతుంది.