ఇద్దరి కోసం ఒక కారు

సంసారులకు కార్లు చేసే కంపెనీ, ఇద్దరే కూర్చునే సరదా కారు ఎందుకు చెయ్యాలని మీరు అడగవచ్చు. ఇంగ్లండులో ఈ ప్రశ్నకు 1980లో జవాబు వచ్చింది. నష్టాల్లో మునిగిన బ్రిటిష్ లేలాండ్ ఆబింగ్డన్‌లోని ఎం.జి. ఫ్యాక్టరీని మూసేసింది. 1962 నుంచి అయిదు లక్షలకు పైగా తయారైన ఎం.జి.బి. అక్కడితో ఆగిపోయింది.

కొనాలనుకునేవాళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. 1979లోనే బాబ్ హాల్ అనే అమెరికన్ పాత్రికేయుడు, అలాంటి కారు మీరు చెయ్యండని హిరోషిమాలోని మాజ్దా పెద్దలకు చెప్పాడు. ఒకప్పటి స్వరాజ్ మాజ్దా వ్యాన్ల మీద మీరు చదివిన పేరే అది. పదేళ్లకు, 1989 ఫిబ్రవరిలో, షికాగో ప్రదర్శనలో వాళ్ల మియాటా కనిపించింది. ఇంజను 1,600 సి.సి.యే, బరువు టన్నుకు లోపే. వేగం కాదు వాళ్లు కోరింది. గుర్రమూ రౌతూ ఒకటైనట్టు, మలుపులో కారు మనిషి మాట వినాలి. 2016 నాటికి అవి పది లక్షలయ్యాయి.

లేలాండ్ లెక్కలు తప్పని నేననను. ఎం.జి.బి. ముసలిదైపోయింది నిజమే. దానికి వారసుణ్ణి తయారు చెయ్యకపోవడమే నాకు తప్పనిపిస్తుంది. ఎం.జి. పేరుతో పూర్తిగా కొత్త స్పోర్ట్స్ కారు 1995లో గాని రాలేదు. అప్పటికి మియాటా ఆరేళ్లుగా అమ్ముడుపోతోంది.