హ్యాండిలు పోయి తాళంచెవి వచ్చింది

కారు బ్యాటరీ కొనబోయేవారు ముందుగా అడిగేది ధర, ఆ తరువాత గ్యారంటీ. ఈ రెంటికన్నా ముందు దాని చరిత్ర కొంత తెలుసుకోవడం మంచిది. బ్యాటరీకి ఉన్న ఒక్కొక్క బలహీనతా చరిత్రలో ఒక్కో దశలో బయటపడింది. ఆ బలహీనతలు తెలిసినవారు దుకాణంలో సులభంగా మోసపోరు.

1800లో ఇటలీ శాస్త్రజ్ఞుడు వోల్టా జింకు, వెండి బిళ్లల మధ్య ఉప్పునీట తడిపిన అట్టముక్కలు పెట్టి, దొంతరగా పేర్చి, ఎడతెగని విద్యుత్ ప్రవాహాన్ని పుట్టించాడు. కాని ఆ దొంతర ఒకసారి చచ్చిందంటే మళ్లీ చార్జి చేసుకునే వీలు లేదు. ఆ లోటు తీరింది 1859లో. ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను ఒకదానికొకటి తగలకుండా చాపలా చుట్టి, పలుచని గంధకికామ్లంలో ముంచాడు. శక్తి అయిపోతే ఎదురు కరెంటు పంపి మళ్లీ నింపుకోవచ్చు. నేటి కారు బ్యాటరీకి మూలపురుషుడు ఇతడే.

ఆ పెట్టెలో జరిగేది ఇది. చార్జి నిండినప్పుడు ధనపలక మీద లెడ్ డయాక్సైడు, రుణపలక మీద గుల్లగా ఉండే సీసం ఉంటాయి. కరెంటు వాడుతున్నకొద్దీ రెండూ లెడ్ సల్ఫేటుగా మారుతాయి, యాసిడ్ పలుచబడుతుంది. మెకానిక్కులు హైడ్రోమీటరు ముంచి యాసిడ్ చిక్కదనం చూసేది అందుకే. చార్జి చేస్తే అంతా వెనక్కి మళ్లుతుంది. ఒక్కో గదికి సుమారు 2 వోల్టులు, ఆరు గదులకు 12. బ్యాటరీని చార్జి లేకుండా నెలల తరబడి వదిలేస్తే ఆ సల్ఫేటు గట్టి స్ఫటికాలై, ఇక వెనక్కి మళ్లదు.

ప్లాంటే రేకులు పక్వానికి రావడానికి ఎన్నో వారాలు పట్టేది. 1881లో కామిల్ ఫోర్ సీసపు ఆక్సైడు ముద్దను రేకులకు పూసి ఆ పనిని గంటల్లోకి తెచ్చాడు. ఆ పూత రాలిపోకుండా జల్లెడ వంటి చట్రాలు వచ్చాయి. మెత్తని సీసానికి బలమివ్వడానికి ఆంటిమొనీ కలిపారు. దానివల్ల నీరు త్వరగా తరిగిపోయేది. తరువాతి కాలంలో ఆంటిమొనీకి బదులు కాల్షియం కలపడంతో, నీరు పోయనక్కరలేని బ్యాటరీలు వచ్చాయి.

అప్పట్లో కారు కదలాలంటే ముందు భాగంలో హ్యాండిలు పెట్టి తిప్పాలి. ఇంజను ఎదురుతన్నితే చెయ్యి విరిగేది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ అంతకుముందు క్యాష్ రిజిస్టరుకు విద్యుత్ మోటారు అమర్చినవాడు. కొద్ది క్షణాలే తిరిగే మోటారు చిన్నదైనా భారీ కరెంటును తట్టుకోగలదని గ్రహించాడు. 1912 క్యాడిలాక్ కార్లలో ఆ స్టార్టరు వచ్చింది. అప్పటినుంచి బ్యాటరీ ముఖ్యమైన పని ఆ కొద్ది క్షణాల దెబ్బకు తట్టుకోవడమే.

ఈ పరిశ్రమ మనకు పరాయిది కాదు. తిరుపతి దగ్గర కరకంబాడిలో పెరిగిన అమరరాజా సంస్థ 2000లో అమరాన్ పేరుతో కారు బ్యాటరీలు తెచ్చింది. తెలుగువారు తరతరాలుగా ఉంటున్న హోసూరులో ఎక్సైడ్ కర్మాగారం ఉంది.

ఇక ఎంపిక. చలిదేశాల వారికి చలికాలపు ఉదయం స్టార్టవడమే పెద్ద పరీక్ష. మనకు శత్రువు ఎండ. వేడి పెరిగినకొద్దీ లోపలి చట్రాలు త్వరగా తినేయబడతాయి, నీరు ఇంకుతుంది. కనుక పెద్ద అంకెలకు ఆశపడక, బండి పుస్తకంలో చెప్పిన ఆంపియర్-అవర్లు, కొలతలు, టెర్మినళ్ల వైపు సరిచూసుకోవాలి. పెట్టె మీది తయారీ తేదీ అడగాలి, ఎందుకంటే ఊరికే ఉన్న బ్యాటరీ కూడా చార్జి కోల్పోతుంది. నిండుగా ఉన్నది విశ్రాంతిలో దాదాపు 12.6 వోల్టులు చూపాలి. గ్యారంటీలో ఎన్ని నెలలు ఉచితంగా మారుస్తారు, ఎన్ని నెలలు ధరలో తగ్గింపు మాత్రమే ఇస్తారు అన్నది విడిగా తెలుసుకోవాలి. అన్నిటికన్నా ముందు ఆల్టర్నేటరు పరీక్ష చేయించాలి. అది చెడితే కొత్త బ్యాటరీ కూడా పాతదాని దారినే పోతుంది.

పాతదాన్ని ఏం చేయాలన్నదీ కొనుగోలులో భాగమే. సీసాన్ని ఎన్నిసార్లయినా కరిగించి వాడుకోవచ్చు. కాని దొడ్లలో పెట్టెలు పగలగొట్టి కరిగిస్తే ఆ పొగ, ఆ ధూళి పసిపిల్లల మెదడును దెబ్బతీస్తాయి. పాత బ్యాటరీలను దుకాణదారు వెనక్కి తీసుకోవాలని 2001లోనే మన దేశంలో నిబంధన వచ్చింది. 2022 నిబంధనలు ఆ బాధ్యతను తయారీదారుల మీద మరింతగా పెట్టాయి. నాలుగు రూపాయలు ఎక్కువిస్తాడని పాతసామాన్లవాడికి వేయకుండా, కొన్న చోటనే ఇచ్చి రసీదు తీసుకుందాం.