ఐటీ రిటర్న్ వేశారు సరే... వెరిఫై చేశారా? ఎన్ఆర్ఐల కోసం ఈ-ఫైలింగ్ వివరాలు

హైదరాబాద్‌లో ఫ్లాట్ అద్దెకిచ్చి డల్లాస్‌లో ఉంటున్నవారు, గుంటూరులో నాన్నగారిచ్చిన స్థలం అమ్మి దుబాయ్ తిరిగొచ్చినవారు, ఊళ్లోని బ్యాంకులో ఎన్ఆర్ఓ డిపాజిట్ ఉన్నవారు మన కుటుంబాల్లో చాలామందే. వీరందరికీ ఇండియాలో టీడీఎస్ కోత తప్పదు. ఎన్ఆర్ఓ డిపాజిట్ వడ్డీ మీద 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు కలిపి 31.2 శాతం బ్యాంకు ముందే పట్టుకుంటుంది. స్థలమో ఫ్లాటో అమ్మితే కొనేవారు టీడీఎస్ కోయాలి. తక్కువ కోతకు ముందుగా సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే, లాభం మీద కాకుండా మొత్తం అమ్మకం ధర మీదే కోసేస్తుంటారు. ఎక్కువగా కోసింది వెనక్కి రావాలంటే రిటర్న్ వేయాల్సిందే.

ఇబ్బంది ఎక్కువగా వచ్చేది లెక్కల దగ్గర కాదు, ఆ రిటర్న్ వేసింది మీరేనని రుజువు చేసుకునే చోట.

సబ్మిట్ నొక్కితే పని అయిపోయినట్టు కాదు

ఆదాయపు పన్ను పోర్టల్‌లో రిటర్న్ సబ్మిట్ చేయగానే 15 అంకెల అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబరు వస్తుంది. చాలామంది అది చూసి ఊపిరి పీల్చుకుంటారు. కానీ వెరిఫై చేయని రిటర్న్ చట్టం దృష్టిలో వేయనట్టే. బెంగళూరులోని సీపీసీ దాన్ని ప్రాసెస్ చేయదు, రిఫండ్ రాదు.

వెరిఫికేషన్‌కు గడువు 30 రోజులు. 2022 ఆగస్టు 1కి ముందు ఇది 120 రోజులు ఉండేది. పాత లెక్కే గుర్తుపెట్టుకుని తీరిగ్గా చేద్దామనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. 30 రోజుల్లోపు వెరిఫై చేస్తే, రిటర్న్ సబ్మిట్ చేసిన రోజే దాఖలు చేసిన తేదీ. ఆ గడువు దాటితే వెరిఫై చేసిన రోజే దాఖలు తేదీ అవుతుంది. ఉదాహరణకు జులై 31 గడువున్న రిటర్న్‌ను అదే రోజు సబ్మిట్ చేసి, సెప్టెంబరు 5న వెరిఫై చేశారనుకోండి. సెప్టెంబరు 5న ఆలస్యంగా వేసినట్టే లెక్క. మొత్తం ఆదాయం 5 లక్షలు దాటితే 5,000 రూపాయలు, లోపయితే 1,000 వరకు ఆలస్య రుసుము. షేర్లలో వచ్చిన నష్టాన్ని వచ్చే ఏళ్లకు తీసుకెళ్లే అవకాశం కూడా పోతుంది.

ముందుగా లాగిన్ ఎవరి చేతిలో ఉందో చూసుకోండి

పోర్టల్‌లో మీ యూజర్ ఐడీ మీ పాన్ నంబరే. దానికి ఒక ఫోన్ నంబరు, ఒక ఈ-మెయిల్ జోడించి ఉంటాయి. పాస్‌వర్డ్ మర్చిపోయినా, వివరాలు మార్చాలన్నా, నోటీసు వచ్చినా సమాచారం వెళ్లేది అక్కడికే.

అవి ఎవరివి? పదేళ్ల క్రితం ఊళ్లో ఆడిటర్ గారే రిజిస్టర్ చేసి, తన ఫోన్ నంబరు, తన మెయిల్ పెట్టి ఉండొచ్చు. లేదా మీరు విదేశానికి బయల్దేరేనాటి పాత సిమ్ నంబరు ఉండొచ్చు. ఆడిటర్ మంచివారే కావచ్చు. అయినా శాఖ నుంచి వచ్చే నోటీసు మీ కంట పడాలి. దానికి జవాబివ్వాల్సిన గడువు తప్పితే బాధ్యత మీదే.

అందుకే లాగిన్ అయ్యాక మొదటి పని, ప్రొఫైల్ తెరిచి ఫోన్, మెయిల్ మీవిగా మార్చుకోవడం. విదేశీ ఫోన్ నంబరు ఇవ్వొచ్చు. కాబట్టి మీరు రోజూ చూసే మెయిల్ అక్కడ ఉండటం ముఖ్యం. అక్కడే నివాస స్థితి నాన్ రెసిడెంట్ అని ఉందో లేదో కూడా చూడండి.

పాస్‌వర్డ్ తెలియదు, పాత నంబరు పనిచేయదు అంటే ఒక దారి ఉంది. మీ బ్యాంకు నెట్ బ్యాంకింగ్‌లోకి వెళ్లి, అక్కడున్న ఆదాయపు పన్ను ఈ-ఫైలింగ్ లింక్ నొక్కితే పాస్‌వర్డ్ లేకుండానే పోర్టల్ తెరుచుకుంటుంది. ఖాతాకు మీ పాన్ జతై ఉండాలి, ఆ బ్యాంకుకు ఈ సౌకర్యం ఉండాలి. లోపలికి వెళ్లాక వివరాలు మార్చుకోవచ్చు.

వెరిఫై చేసే దారులు

అమెరికాలో ఉన్నవారికి ఐఆర్ఎస్ ఖాతా తెరవడానికి ఐడీ.మీలో గుర్తింపు కార్డు, సెల్ఫీ ఇచ్చిన అనుభవం ఉండే ఉంటుంది. ఇండియా పద్ధతి వేరు. మీ గుర్తింపును ఇప్పటికే తనిఖీ చేసిన ఆధార్ లేదా బ్యాంకు చేత మీరు ఫలానా అని చెప్పించడమే ఇక్కడ వెరిఫికేషన్.

ఆధార్ ఓటీపీ: ఇండియాలో ఉన్నవారికి అన్నిటికన్నా సులువు. ఆధార్‌కు జతైన ఫోన్‌కు ఆరంకెల కోడ్ వస్తుంది, 15 నిమిషాలు పనిచేస్తుంది. ఆ ఫోన్ ఇండియా నంబరై, రోమింగ్‌లో మీ దగ్గర పనిచేస్తూ ఉండాలి. సిమ్ వాడకుండా 90 రోజులు వదిలేస్తే కంపెనీ దాన్ని రద్దు చేయొచ్చు, కొన్నాళ్లకు ఆ నంబరు వేరొకరికి వెళ్లొచ్చు. మీ ఆధార్ ఓటీపీ ఎవరో తెలియని మనిషి ఫోన్‌కు వెళ్లడం చిన్న విషయం కాదు. ఇండియా సిమ్ ఉంచుకోదలిస్తే రీచార్జ్ చేస్తూ ఉండండి, వద్దనుకుంటే ఆధార్‌లో నంబరు మార్చాకే వదిలేయండి.

నెట్ బ్యాంకింగ్: విదేశాల్లో ఉన్నవారికి ఎక్కువగా అక్కరకొచ్చేది ఇదే. చాలా బ్యాంకులు ఎన్ఆర్ఐ ఖాతాలకు విదేశీ ఫోన్ నంబరును ఒప్పుకుంటాయి. బ్యాంకు సైటులోంచి పోర్టల్‌లోకి వెళ్లి ఈ-వెరిఫై నొక్కితే చాలు.

బ్యాంకు ఖాతా ద్వారా ఈవీసీ: పోర్టల్‌లో మీ ఖాతాను ముందుగా వాలిడేట్ చేసుకుంటే పదక్షరాల కోడ్ వస్తుంది, 72 గంటలు చెల్లుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఖాతా వాలిడేట్ అయినా ఈవీసీకి ఎనేబుల్ కాకపోవచ్చు. అలాంటి ఖాతాలో రిఫండ్ పడుతుంది గానీ దానితో వెరిఫై చేయలేరు. బ్యాంకులో, పోర్టల్‌లో ఫోన్ నంబరు, మెయిల్ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. డీమ్యాట్ ఖాతాతోనూ ఇలాగే చేయొచ్చు.

బ్యాంకు ఏటీఎం: ఇండియా వెళ్లినప్పుడే పనికొస్తుంది, అదీ కొన్ని బ్యాంకులకే.

డిజిటల్ సంతకం: యూఎస్‌బీ టోకెన్‌లో వచ్చే క్లాస్ 3 సర్టిఫికెట్. ఖర్చు, కొంత శ్రమ ఉంటాయి. ఏటా చాలా పత్రాలు దాఖలు చేసేవారికి నప్పుతుంది.

ఏదీ కుదరకపోతే పోస్టు

ఐటీఆర్-వి అనే ఒక పేజీ పత్రాన్ని పోర్టల్ నుంచి దించుకోండి. పాస్‌వర్డ్ అడిగితే చిన్న అక్షరాల్లో పాన్, వెంటనే పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో కొట్టండి. ప్రింట్ తీసి, బార్‌కోడ్ మీద పడకుండా నీలి సిరాతో సంతకం చేసి బెంగళూరు సీపీసీకి, పిన్ 560500కు పంపాలి. స్కాన్ చేసి మెయిల్‌లో పంపితే చెల్లదు. మామూలు పోస్టులో లేదా స్పీడ్ పోస్టులో పంపొచ్చు.

ఇక్కడ లెక్కలోకి వచ్చేది మీరు పంపిన రోజు కాదు, సీపీసీకి అందిన రోజు. మెల్‌బోర్న్ నుంచో డర్బన్ నుంచో పంపే ఉత్తరానికి 30 రోజులు ఎక్కువేమీ కాదు. ఆ వారంలో ఇండియా వెళ్తున్నవారుంటే సంతకం చేసిన కాగితం వారి చేతికిచ్చి, దిగగానే స్పీడ్ పోస్టు చేయమనడం మేలు.

ఆధార్ లేదు, పాన్ ఇనాపరేటివ్ అని చూపిస్తోంది

పన్ను చట్టం ప్రకారం నాన్ రెసిడెంట్ అయినవారికి, భారత పౌరులు కానివారికి పాన్-ఆధార్ లింక్ తప్పనిసరి కాదు. 2017 మే 11 నాటి నోటిఫికేషన్ ఈ మినహాయింపు ఇచ్చింది. అయినా శాఖ రికార్డుల్లో మీరు ఇంకా రెసిడెంట్‌గానే ఉంటే, 2023 జులై 1 నుంచి మీ పాన్ ఇనాపరేటివ్ అయి ఉండొచ్చు. అప్పుడు రిటర్న్ వేయగలరు గానీ రిఫండ్ ఆగుతుంది, టీడీఎస్ ఎక్కువ రేటులో కోస్తారు. మీ పాన్ పరిధిలోని అసెసింగ్ ఆఫీసర్‌కు పాస్‌పోర్టు కాపీతో నాన్ రెసిడెంట్‌నని రాసి సరిచేయించుకోవాలి. ఆ ఆఫీసర్ ఎవరో పోర్టల్‌లోనే కనిపిస్తుంది.

ఆధార్ తీసుకోవాలనుకునే భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐలు ఇండియా వచ్చినప్పుడు 182 రోజులు ఆగనక్కర్లేదు. 2019లో ఆ షరతు తీసేశారు. ఓసీఐ కార్డున్నవారికి మాత్రం అది ఇంకా ఉంది.

ఇంకొకరికి అప్పగించాలంటే

అన్నయ్యకో బావగారికో ఓటీపీ వాట్సాప్‌లో పంపి పని కానివ్వడం మనకు అలవాటు. దానికన్నా పద్ధతైన దారి పోర్టల్‌లోనే ఉంది. నాన్ రెసిడెంట్‌నన్న కారణం చూపి, పవర్ ఆఫ్ అటార్నీ జతచేసి, పాన్ ఉన్న మరో వ్యక్తికి మీ తరఫున వ్యవహరించే అధికారం ఇవ్వొచ్చు. అప్పుడు వారు తమ లాగిన్‌తో మీ రిటర్న్ వెరిఫై చేస్తారు. మీ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంటుంది. పాస్‌వర్డ్, ఓటీపీ, పిన్ చెప్పమని ఆదాయపు పన్ను శాఖ మెయిల్‌లో అడగదు. రిఫండ్ వచ్చిందంటూ లింక్ పంపేవారిని నమ్మకండి.

గడువు దాటిపోతే

చేతులెత్తేయకండి. ఆలస్యాన్ని మన్నించమని కారణం రాస్తూ పోర్టల్‌లో కండొనేషన్ రిక్వెస్ట్ పెట్టండి, రిటర్న్ వెరిఫై చేయండి. కారణం సబబుగా ఉంటే ఒప్పుకుంటారు.

సీజన్ మొదలవక ముందే చేసుకోవాల్సినవి

1. ఒకసారి లాగిన్ అయి చూడండి. ఫోన్, మెయిల్ మీవేనా?
2. పాన్ స్థితి ఆపరేటివ్ అని ఉందా?
3. రిఫండ్ పడాల్సిన ఖాతా వాలిడేట్ అయిందా, ఈవీసీకి ఎనేబుల్ అయిందా?
4. నెట్ బ్యాంకింగ్ ద్వారా పోర్టల్ తెరుచుకుంటోందా?
5. భార్యాభర్తలిద్దరికీ పాన్ ఉంటే ఇద్దరివీ చూడండి. ఉమ్మడి ఖాతాలో రెండో పేరున్నవారికి ఆ ఖాతాతో వెరిఫికేషన్ కుదరకపోవచ్చు.
6. రిటర్న్ వేసిన రోజే వెరిఫై చేయండి. రేపటికి వదిలితే నెల గడిచిపోయేది తెలియదు.

ఈ ఆరూ చూసుకోవడానికి ఒక ఆదివారం పొద్దున చాలు. కష్టపడి సంపాదించిన డబ్బు మీ ఖాతాకు తిరిగి రావడానికి ఆ కాస్త సమయం కేటాయించండి.