విమానశబ్దము – ఆలయశిఖరము, ఆకాశయానము

మామిడికుదురు మండలమున, వైనతేయ గోదావరి యొడ్డున, అప్పనపల్లి యున్నది. అచ్చటి బాలబాలాజీ ఆలయము ప్రాచీనము కాదు. ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధమున ప్రసిద్ధికి వచ్చినది. దాని పేరే తిరుమలను తలపించును. తిరుమలలో గర్భాలయముపై నున్న బంగారు శిఖరమును ఆనందనిలయ విమానమని వ్యవహరింతురు. ఇట్టి ఆలయములను చూడవచ్చిన విద్యార్థులు తరచుగా ఒక ప్రశ్న అడుగుచుందురు: గర్భగృహముపై నున్న కట్టడమును విమానమని ఏల అందురు? పూర్వకాలమున ఆకాశమున సంచరించిన యంత్రములను చూచియే శిల్పులు ఈ ఆకృతిని కల్పించిరా?

ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుట ఉపాధ్యాయ ధర్మము కాదు. శబ్దము ఒకటియే, అర్థములు రెండు, ఆ రెంటికిని సంబంధము కలదని చెప్పిన ప్రామాణిక గ్రంథములును ఉన్నవి. అయితే ఆ సంబంధము ఎట్టిది అనుటయే విచారింపవలసిన విషయము. నాకు తోచినంతవరకు విమానశబ్దమునకు మూలార్థము ఎగురుట కాదు, కొలుచుట. ఈ యొక్క సంగతి మరచినచో శబ్దచరిత్రయు ఆలయవాస్తువును రెండును చెడును.

‘మా’ ధాతువునకు కొలుచుట యని అర్థము. దానికి ‘వి’ ఉపసర్గ చేరగా విశేషముగా కొలుచునది, లేక కొలువబడినది, విమానమగుచున్నది. ఋగ్వేదము రెండవ మండలము నలుబదియవ సూక్తమున సోమపూషుల రథవర్ణన మున్నది. ఏడు చక్రములు గల ఆ రథము అంతరిక్షమును కొలుచునదిగా వర్ణింపబడినది. అచ్చట విమానశబ్దము వస్తువునకు పేరు కాదు, రథమునకు విశేషణము. ఆకాశమున ఒక కొననుండి మరియొక కొనకు పోవునది దానిని కొలిచినట్లే గదా. ఆకాశయానార్థమునకు బీజము ఇచ్చటనే పడినట్లు తోచుచున్నది.

ఇంకొక సాక్ష్యము మన పండితులు ఈ సందర్భమున అంతగా స్మరింపనిది. చరకసంహిత మూడవ స్థానమునకు విమానస్థానమని పేరు. ఎనిమిది అధ్యాయముల ఆ భాగమున ఎగురు వస్తువుల ప్రసక్తి లేదు. రసములు, దోషములు, ఔషధములు మొదలగువాని ప్రమాణమును నిర్ణయించుటయే దాని పని. వైద్యుడు విమానమన్నను, స్థపతి విమానమన్నను తలపెట్టినది కొలతయే.

వాల్మీకి రామాయణమున ఈ శబ్దము రెండు త్రోవలను కలిసి నడచుట చూడదగినది. బాలకాండ అయిదవ సర్గలో అయోధ్య విమానగృహములతో శోభించినదని వర్ణన. వ్యాఖ్యాతలు దీనికి ఏడంతస్తుల మేడలని అర్థము చెప్పిరి. అదే సర్గలో కొన్ని శ్లోకముల తరువాత, ఆ నగరము సిద్ధులు తపస్సుచే స్వర్గమున పొందిన విమానమువలె ఉన్నదని ఉపమానము. ఒకే కవి ఒకే వర్ణనలో నేలమీది మేడను, దివియందలి వాహనమును ఒకే మాటతో చెప్పెను. ఆయనకు ఇందులో చిక్కు లేదు, ఏలయన ఆయన భావించిన దివ్యవిమానము మేడయే. సుందరకాండలో హనుమంతుడు లంకయందు చూచిన పుష్పకమునకు స్తంభములు, సోపానములు, గవాక్షములు, వేదికలు కలవు. అది ఎగురగలుగుట కుబేరునికి బ్రహ్మ ఇచ్చిన వరప్రభావము. దానిని నడపిన యంత్రమును గూర్చి కవి ఒక్క మాటయు చెప్పలేదు. అమరసింహుడు విమానమును వ్యోమయానమునకు పర్యాయముగా చెప్పగా, తరువాతి నిఘంటుకారులు దేవయానము, ఏడంతస్తుల గృహము అను రెండర్థములను ప్రక్కప్రక్కనే నిలిపిరి.

కాళిదాసు రఘువంశము పదమూడవ సర్గ మన గోదావరికి సంబంధించినది కావున ఇచ్చట కొంత నిలువవలెను. లంకనుండి మరలుచు రాముడు పుష్పకమునుండి సీతకు భూమిని చూపుచున్నాడు. విమానమునకు వ్రేలాడు బంగారు చిరుగంటల సవ్వడి విని, గోదావరి సారసపక్షులు ఎదురుకోలునకా యన్నట్లు బారులు తీరి పైకెగసెనట! కవి చూచినది జనస్థానపు గోదావరియే గాని కోనసీమ గోదావరి కాదు. అయినను ఆ గంటలను గమనింపుడు. చిరుగంటలు కట్టునది రథమునకు. కాళిదాసు ఊహలో పుష్పకము మేడయు తేరును కలిసిన వస్తువు.

తెలుగు కవులకు ఈ ఊహయే సంక్రమించినది. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని ఆస్థానమున నన్నయభట్టు ఆదిపర్వమును తెనిగించుచు వసురాజు కథ చెప్పెను. ఇంద్రుడు ఇచ్చిన విమానముపై సంచరించుటచేత ఆ రాజునకు ఉపరిచరుడని పేరు వచ్చినది. అదే నగరమున రెడ్డిరాజగు వీరభద్రారెడ్డికి అంకితమైన శ్రీనాథుని కాశీఖండమున, శివశర్మ దేహము చాలించి విష్ణుపార్షదులతో విమానమెక్కి లోకములను ఒక్కొక్కటిగా చూచుచు పోవును. పింగళి సూరన కళాపూర్ణోదయమున రంభానలకూబరుల విమానవిహారము కథకే త్రిప్పు తెచ్చినది. కవులకు విమానము చేసిన ఉపకారమొకటి: భూమిని పైనుండి చూపుట. వారు దాని నిర్మాణమును అడుగలేదు. మనమడిగి వారిచే చెప్పించుట న్యాయము కాదు.

ఇక ప్రతిపక్షమునకు బలమైన ఆధారము. పదునొకండవ శతాబ్దిలో ధారానగరము నేలిన భోజుని పేర వెలసిన సమరాంగణసూత్రధారమున ఆలయములు విమానములనుండియే పుట్టినవని స్పష్టముగా కలదు. బ్రహ్మ దేవతలకొరకు వైరాజము, కైలాసము, పుష్పకము, మణికము, త్రివిష్టపము అను అయిదు విమానములను సృజించెననియు, వాని ననుసరించి భూమిపై ప్రాసాదములు నిర్మింపబడెననియు అందలి ఉపాఖ్యానము. అగ్నిపురాణమున సైతము ఈ అయిదు పేర్లే ప్రాసాదజాతులకు కలవు. ఇది చూపి “చూచితిరా!” యనువారు కలరు. కాని ఆ అయిదింటికి గల భేదమేమో ఆ గ్రంథములే చెప్పినవి. వైరాజము చతురస్రము, పుష్పకము దీర్ఘచతురస్రము, కైలాసము వృత్తము, మణికము అండాకారము, త్రివిష్టపము అష్టాస్రము. ఇవి భవనముల అడుగు రూపములు. త్రాడు పట్టి నేలపై గీయదగిన ఆకృతులు. ఎగురు వస్తువులకు జాతిభేదము చెప్పదలచినవాడు వేగమునో, బరువునో, రెక్కలనో చెప్పును. శిల్పశాస్త్రకర్త చతురస్రమా, వృత్తమా అని చెప్పెను. కొలత మరల ముందుకు వచ్చినది.

అదే గ్రంథమున ముప్పదియొకటవ అధ్యాయమున యంత్రవిధానము కలదు. తేలిక కొయ్యతో మహావిహంగమును చేసి, దాని లోపల పాదరసమును నిప్పుతో కాచినచో ఆకాశమున పోవునని అందు చెప్పబడినది. ఆశ్చర్యకరమైన అధ్యాయమే. అయితే నిర్మాణక్రమమును పూర్తిగా చెప్పక, అది రహస్యరక్షణకొరకే గాని అజ్ఞానముచేత కాదని గ్రంథకర్తయే అనుచున్నాడు. మరియు, ఆ కొయ్యపక్షికిని ఆలయమునకును ఆయన ఎట్టి ముడియు వేయలేదు. ప్రాసాదములకు వేరుగా విస్తారమైన అధ్యాయములు కేటాయించి, యంత్రములను మరియొక చోట ఉంచెను. ఆయన వేరు చేసినదానిని మనము కలుపుట ఎందులకు?

శ్రీరంగక్షేత్ర మాహాత్మ్యమున విమానమే దేశాంతరము వచ్చిన కథ కలదు. బ్రహ్మ ఆరాధించిన రంగవిమానము ఇక్ష్వాకువంశమునకు వచ్చి, రాముడు దానిని విభీషణునకు ఇయ్యగా, అతడు లంకకు కొనిపోవుచు కావేరితీరమున దింపెను. అది మరల కదలలేదు. ఆలయవిమానమునకు ఆకాశమార్గ ప్రయాణము చెప్పిన కథలలో ఇది మిక్కిలి ప్రసిద్ధము. అందును విమానము మోయబడినదే గాని విభీషణుని మోసినది కాదు.

గ్రంథములను విడిచి రాళ్లకడకు పోవుదము. ఈ వాదమునకు తుది తీర్పు అచ్చటనే కలదు. కోనసీమకు దూరము కాని బిక్కవోలులో తూర్పుచాళుక్యుల కాలపు ఆలయములున్నవి. తొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున (848–892) పాలించిన గుణగ విజయాదిత్యుని కాలముతో ఆ ఊరి ఆలయనిర్మాణము ముడివడి యున్నది. వానిలో పొలముల నడుమ నిలిచిన ఒక గుడిని జనులు నక్కలగుడి యందురు. ద్రావిడవిమానమునకు క్రిందినుండి పైకి ఆరు అంగములు: అధిష్ఠానము, పాదము, ప్రస్తరము, గ్రీవము, శిఖరము, స్తూపి. వీనిని ఒక్కొక్కటిగా పరిశీలింపుడు. ప్రస్తరమునందలి వంపు తిరిగిన కపోతము ఇంటి చూరు. ఆ కపోతముపై వరుసగా కనబడు నాసికలు గుండ్రని కిటికీ ముఖములు. తలముల యంచున హారముగా కట్టిన కూటము, శాల, పంజరము అనునవి చిన్న చిన్న ఇండ్ల నమూనాలు. కూటము చదరపు గుడిసె, శాల పొడవైన దూలపు పైకప్పు గల కొట్టము. గోపురముల కొసను నేటికిని ఈ శాలాకృతియే చూచుచున్నాము. ఏడవ శతాబ్దిలో మామల్లపురమున ఏకశిలలయందు తొలిచినవానిలో ద్రౌపదీరథమనునది అచ్చముగా గడ్డి కప్పిన పూరిల్లు. కొయ్యతోను గడ్డితోను ఇండ్లు కట్టిన చేతుల అభ్యాసమే రాతిలోనికి వచ్చినదనుటకు ఇంతకన్న సాక్ష్యమేమి కావలెను? తాటియాకు ఇంటి చూరు ఎరిగిన కోనసీమ విద్యార్థికి కపోతమును బోధించుటకు బొమ్మలు అక్కరలేదు.

అనగా విమానమనునది ఇండ్లపై ఇండ్లు నిలిపిన మేడ. రామాయణవ్యాఖ్యాతలు చెప్పిన ఏడంతస్తుల గృహమును, నక్కలగుడి శిఖరమును ఒక కుటుంబమునకు చెందినవి. పై నంతస్తు క్రింది యంతస్తుకన్న ఎంత తగ్గవలెను, గ్రీవమునకు శిఖరము ఎన్ని పాళ్లు ఉండవలెను అనునదే స్థపతి విద్య. సామర్లకోట కుమారారామమున ఈ కొలత మరియొక విధముగా కనబడును. చాళుక్యభీముడు (892–922) కట్టించిన ఆ ఆలయమున లింగము సుమారు 14 అడుగుల యెత్తు గలది; క్రింది అంతస్తున పాదమును, పై అంతస్తున శిరస్సును పూజింతురు. గర్భగృహము రెండంతస్తులగుట అచ్చట అలంకారము కాదు, మూలమూర్తి కొలత తెచ్చిన అవసరము. ద్రాక్షారామమునను ఇట్లే.

ఇచ్చట ఒక పొరపాటును తొలగింపవలెను. ఆకాశనౌకాపక్షమువారు చూపు ఛాయాచిత్రములు ఎక్కువగా గోపురములవి. పాలకొల్లు క్షీరారామపు తొమ్మిదంతస్తుల గోపురము వంటిది చూపి విమానమందురు. గోపురము ద్వారముపైది, దానిని శాస్త్రము ఎన్నడును విమానమనలేదు. ఎత్తునుబట్టి ఆ పేరు వచ్చియుండినచో గోపురమునకే రావలసినది. వచ్చినది దేవుని నెత్తిపై నున్న, సాధారణముగా చిన్నదియగు, కట్టడమునకు.

అయిన మేడకును వాహనమునకును నడుమ వంతెన లేదా? ఉన్నది; అది అంతర్వేదిలో ప్రతి సంవత్సరము కదలును. వాసిష్ఠ గోదావరి సముద్రమును చేరుచోట లక్ష్మీనరసింహస్వామికి భీష్మైకాదశినాడు రథోత్సవము. రథమనగా చక్రములపై నిలిపిన విమానమే: అడుగున అధిష్ఠానము, నడుమ దేవుడు, పైన అంతస్తులుగా సన్నగిలు శిఖరము, కొసను కలశము. దానిని కట్టువాడు వడ్రంగి. అతనికిని కొలతలే ఆధారము. 2020 సెప్టెంబరులో అచ్చటి సుమారు 40 అడుగుల పాత కొయ్య రథము అగ్నికి ఆహుతియైనది. 2021 ఫిబ్రవరి నాటికి క్రొత్త రథము సిద్ధమై ఉత్సవము సాగినది. ఆ కొద్ది నెలలలో అది సాధ్యమైనది పాత తేరు కొలతలు తెలిసిన చేతులు ఉండుటచేతనే యని నా నమ్మకము. ఋగ్వేదపు అంతరిక్షరథము, కాళిదాసుని చిరుగంటల పుష్పకము, అంతర్వేది తేరు, బిక్కవోలు శిఖరము – ఈ వరుసలో ఎచ్చటను తెగుదల లేదు. దేవుని యిల్లు కదిలినచో రథము, నిలిచినచో ఆలయము, దివిని పోయినచో పుష్పకము.

మరి యంత్రవాదము ఎప్పుడు పుట్టినది? భరద్వాజమహర్షి పేర ప్రచారమందున్న వైమానికశాస్త్రమును ఆనేకల్లు సుబ్బరాయశాస్త్రి 1918 మొదలు 1923 వరకు చెప్పుచుండగా వేరొకరు వ్రాసికొనిరి. పటములు 1923లో బెంగుళూరున గీయబడినవి. హిందీ అనువాదముతో 1959లోను, ఆంగ్లానువాదముతో 1973లోను ముద్రణలు వెలువడినవి. 1974లో బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకు చెందిన ముకుంద ప్రభృతులు అయిదుగురు దీనిని పరీక్షించి, భాష వైదికము కాదనియు, 1904కు పూర్వము ఈ గ్రంథమున్నట్లు ఆధారము లేదనియు, పటములలోని వస్తువులు ఎగురజాలవనియు నిర్ణయించిరి. రైటుసోదరులు ఎగిరినది 1903 డిసెంబరున. ఈ గ్రంథము విమానశబ్దమునకు పక్షుల వేగముతో పోలికను వ్యుత్పత్తిగా చెప్పును, కొలత మాయమైనది. ఇందలి రుక్మవిమానపటము అంతస్తులుగా సన్నగిలి ఆలయశిఖరమును పోలియుండును. శిఖరములు విమానయంత్రములవలె ఉన్నవను మాటకు ఈ పటమే ముఖ్యమైన మూలము. జరిగినది తలక్రిందు. బిక్కవోలు శిల్పి యంత్రమును చూచి శిఖరము కట్టలేదు. వేయి యేండ్ల తరువాతి చిత్రకారుడు శిఖరమును చూచి యంత్రము గీచెను. భరద్వాజుని పేరు సప్తగోదావరులలో ఒక పాయకును కలదు. అంతమాత్రమున ఆ పాయను మహర్షి త్రవ్వించెనని ఎవరును అనరు.

ఈ యంత్రవాదమువలన దేశగౌరవము పెరుగునని నమ్మువారి హృదయమును నేను తప్పుపట్టను. నష్టము మాత్రము చూపుచున్నాను. నక్కలగుడి కపోతమును చూరుగా గుర్తించి, తలమునకు తలము తగ్గిన పాళ్లను టేపుతో కొలువవలసిన విద్యార్థి, దానిలో ఇంధనపు తొట్టి ఎచ్చటనుండునో వెదకుచున్నాడు. అధిష్ఠానమును కొలిచి, ఆరంగముల నిష్పత్తిని పట్టికగా వ్రాసి, మయమతాది గ్రంథములతో పోల్చు పని బిక్కవోలులో ఒక్కొక్క ఆలయమునకు విడివిడిగా జరుగవలసి యున్నది. ఒక విద్యార్థికి ఒక వేసవి చాలును.

శబ్దపరిశోధకులకును ఒక పని మిగిలినది. 1910 డిసెంబరున అలహాబాదులో విమానము ఎగిరినపిమ్మట, 1911 ఫిబ్రవరి 18న అచ్చటినుండి నైనీకి తపాలా విమానమున పోయినపిమ్మట, తెలుగు పత్రికలు ఆ వస్తువును ఏ పేర్లతో పిలిచినవో, విమానశబ్దము మిగిలినవానిని ఎప్పుడు తొలగించినదో సంచికలు త్రిప్పి పట్టికగా కూర్పవలెను. పల్లెలలో మాత్రము పెద్దలు చాలకాలము వేరు మాటయే వాడిరి. పురాణవిమానమును పురాణమునకే విడిచి, మధురపూడివైపు పోవు దానిని తలయెత్తి చూచి వారు గాలిమోటారు అనిరి.