ధర వేరు, విలువ వేరు: ఒక లైకా కథ

అంగడిలో చెల్లించేది ధర. మనసు కట్టుకునేది విలువ. ఈ రెండూ ఎక్కడ విడిపోతాయో, ఎక్కడ కలుస్తాయో చెప్పడానికి పాత ఫిల్ము కెమెరాల చరిత్రకు మించిన ఉదాహరణ అరుదు. అందులోనూ జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణంలో పుట్టిన లైకా చరిత్ర.

లైట్జ్ సంస్థ ప్రధానంగా సూక్ష్మదర్శినులకు పేరుపొందినది. అందులో పనిచేసిన ఆస్కార్ బార్నాక్ (1879–1936) ఉబ్బసంతో బాధపడేవాడు. గాజుపలకల బరువైన కెమెరాను మోసుకొని తిరగడం ఆయనకు సాధ్యం కాలేదు. అందువల్ల సినిమా ఫిల్మును అడ్డంగా నడిపించి, రెండు సినిమా బొమ్మల చోటును ఒక్క ఛాయాచిత్రానికి వాడుకొని, జేబులో ఇమిడే యంత్రాన్ని 1914 నాటికే నిర్మించాడు. అప్పటి 24x36 మిల్లీమీటర్ల కొలతే తరువాత లోకమంతటికీ ప్రమాణమైనది.

ఇంతలో మహాయుద్ధం వచ్చింది. ఆ తరువాత 1923లో, పరీక్షార్థం సుమారు 23 కెమెరాలు తయారైనాయి. వీటినే సున్నా శ్రేణి అంటారు. వీటిలో ఒక లోపముండేది: ఫిల్ము తిప్పేటప్పుడు కటకానికి మూత పెట్టకపోతే వెలుతురు సోకి బొమ్మ పాడయ్యేది. లోపాన్ని సవరించి, 1925లో లైప్‌జిగ్ సంతలో లైకాను ప్రజలముందు ఉంచారు. లైట్జ్‌లోని ‘లై’, కెమెరాలోని ‘కా’ కలిసి ఆ పేరైనది.

లోపమున్న ఆ తొలి కెమెరాలే నేడు అమూల్యాలు. 2012లో వియన్నాలో 116వ సంఖ్య గల కెమెరా 21.6 లక్షల యూరోలకు అమ్ముడుపోయింది. 2018లో 122వది 24 లక్షలు పలికింది. 2022 జూన్‌లో వెట్జ్‌లార్‌లో జరిగిన వేలంలో 105వది ఏకంగా 1 కోటి 44 లక్షల యూరోలు తెచ్చింది. మూడూ ఒకే కార్ఖానాలో, ఒకే కాలంలో పుట్టినవే. మరి ఇంత తేడా ఎందుకు? 105 బార్నాక్ స్వయంగా వాడుకున్న కెమెరా. దాని పైభాగాన ఆయన పేరు చెక్కి ఉన్నది. మిగిలిన తేడా అంతా ఆ చేతిది.

దీనికి ప్రతిగా మరొక ముచ్చట. బార్నాక్ శతజయంతి సందర్భంగా 1979లో లైకా సంస్థ ఎం4-2 నమూనాను బంగారు పూతతో 1000 మాత్రమే విడుదల చేసింది. ఇటువంటి పరిమిత ముద్రణలను కొన్నవారిలో చాలామంది పెట్టె విప్పలేదు. ఫిల్ము ఎక్కిస్తే ధర తగ్గుతుందని భయం! మొదటి అరుదుదనం కాలం కల్పించినది, రెండవది వ్యాపారం కల్పించినది. ఒకటి వాడినందువల్ల విలువ పొందింది, మరొకటి వాడనందువల్ల ధర నిలుపుకుంది.

విలువ ఉన్నచోట నకిలీ తప్పదు. ఖార్కోవ్‌లోని జెర్జిన్‌స్కీ బాలశ్రామిక సంఘంలో, దిక్కులేని పిల్లల చేతులమీదుగా, 1934 నుండి లైకాను పోలిన ‘ఫెడ్’ కెమెరాలు తయారైనాయి. తరువాతి కాలపు మోసగాళ్ళు అటువంటి సోవియట్ కెమెరాలమీద పేరు చెరిపి, లైకా అని చెక్కి, బంగారు పూత పూసి అమ్మారు. అనాథ బాలల శ్రమకు స్వంత పేరైనా దక్కనివ్వలేదన్నమాట. నా దృష్టిలో ఇది కొనుగోలుదారుకు జరిగిన మోసం కంటె పెద్ద అన్యాయం.

తాళపత్రప్రతిని పరిష్కర్త ఎలా పరీక్షిస్తాడో, సేకర్తలు కెమెరానూ అలాగే పరీక్షిస్తారు: క్రమసంఖ్య ఏది, కార్ఖానా దస్తరంలో ఉన్నదా, భాగాలన్నీ ఆ కాలపువేనా, ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చింది. ఈ చివరి ప్రశ్నకు జవాబు చాలాసార్లు మనుషులతోపాటే పోతుంది.

కనుక మిత్రులారా, మీ యింట తాతగారి కెమెరా ఏదైనా అటకమీద ఉంటే, ఎంత వస్తుందని అడిగేముందు ఒక పని చేయండి. అది ఎవరిది, ఏ యేట కొన్నారు, ఎవరి పెళ్ళిలో వాడారు, తెలిసినంత ఒక కాగితంమీద వ్రాసి దాని తోలుసంచిలో పెట్టండి. ధర రాకపోవచ్చు. విలువ మాత్రం నిలుస్తుంది.