మేరీ, మహాలక్ష్మి



మన రాయచూరు జిల్లా ఇంకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1955 జనవరి 12న, విజయా వారి 'మిస్సమ్మ' విడుదలైంది. దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. క్రైస్తవ ఉపాధ్యాయినులను మిస్సమ్మ అని పిలిచే అలవాటే ఆ సినిమాకు పేరైంది.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. అప్పాపురం బడికి పట్టభద్రులైన ఉపాధ్యాయ దంపతులు కావాలి. ఉద్యోగం లేని ఎం.టి. రావు, అప్పుల బాధలో ఉన్న క్రైస్తవ యువతి మేరీ భార్యాభర్తలమని చెప్పి చేరతారు. వారే రామారావు, సావిత్రి. నలుగురిలో దంపతులు, నాలుగు గోడల మధ్య పరాయివాళ్ళు. నవ్వంతా అక్కడే పుడుతుంది. బడి నడిపే జమీందారు గోపాలం దంపతులు మేరీని కూతురిలా ఆదరిస్తారు.

ఇటువంటి ఉత్తుత్తి కాపురం హాలీవుడ్‌కూ తెలుసు. 1934 నాటి 'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్'లో పెళ్ళికాని జంట ఆలుమగలమని చెప్పి, ఒకే గదిలో మధ్యన దుప్పటి కట్టుకుని రాత్రి గడుపుతారు. అయితే ఇద్దరూ తెల్లవారే. ఆ ఏడాది నుంచి గట్టిగా అమలైన సినిమా నియమావళి తెల్లవారికీ నల్లవారికీ మధ్య ప్రేమను తెరపై చూపనిచ్చేది కాదు. ఆ నిషేధం 1956 దాకా సాగింది. హాస్యచిత్రాల్లో నల్లజాతి నటీమణులకు ఎక్కువగా దక్కింది పనిమనిషి వేషమే.

ఆ లెక్కన మనవాళ్ళు ఒక అడుగు ముందున్నారు. మేరీ పనిమనిషి కాదు, కథానాయిక. ఆమె చదువు, కోపం, ఆత్మాభిమానమే కథను నడిపిస్తాయి. కాని ముగింపు గమనించండి. మేరీ అసలు క్రైస్తవుల బిడ్డ కాదనీ, చిన్నప్పుడు తప్పిపోయిన గోపాలంగారి కూతురు మహాలక్ష్మి అనీ తేలుతుంది. అలా తేలాకే పెళ్ళికి అడ్డు తొలగుతుంది.

ఇక్కడ ఒక తేదీ గుర్తు చేసుకోవాలి. వేరువేరు మతాలవారు ఎవరి మతం వారు వదలకుండానే పెళ్ళాడే వీలు కల్పించిన ప్రత్యేక వివాహ చట్టం 1955 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అంటే సినిమా విడుదలకు 11 రోజుల ముందే. చట్టం ఒప్పుకున్న పెళ్ళికి కథ ఒప్పుకోలేకపోయింది.

కాలం అలాంటిది అని సరిపెట్టుకుందామా? 1938లోనే గూడవల్లి రామబ్రహ్మం 'మాలపిల్ల' తీశారు. అది హాస్యచిత్రం కాదు. అయినా అందులో బ్రాహ్మణ యువకుణ్ణి ప్రేమించిన దళిత యువతికి వేరే పుట్టుక వెతికిపెట్టవలసిన అవసరం రాలేదు.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పక్కింట్లో ఉర్దూ వింటూ పెరిగే పిల్లలు మనవాళ్ళు. 'మిస్సమ్మ' మళ్ళీ టీవీలో వస్తే వారితో కలిసి చూడండి, హాయిగా నవ్వండి. సినిమా అయిపోయాక ఒక్క ప్రశ్న అడగండి. మేరీ చివరిదాకా మేరీగానే ఉండిపోతే, ఆ ఇంట ఆమెకు అదే ఆదరణ దక్కేదా? వారు చెప్పే జవాబును ఓపికగా వినండి.